అరెస్టయిన మనిషి ఎక్కడున్నాడో చెప్పే బోర్డు ఏదీ?

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోలీసులమంటూ ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' మోసాల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. భయపడకండి, డబ్బు పంపకండి, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి అని రాస్తున్నారు. మంచిదే. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో కూడా చెప్పారు. అయితే ఒక సంగతి ఎవరూ రాయడం లేదు. ఎవడో ఫోన్ చేసి "మీ అబ్బాయిని అరెస్టు చేశాం" అంటే, అది నిజమో అబద్ధమో కనుక్కోవడానికి ఆ తల్లికి ఉన్న దారేది? ఏ స్టేషనును అడగాలి? అడిగితే ఎవరు చెబుతారు? చట్టంలో దానికి జవాబు ఉంది. బెంగళూరు స్టేషన్ల గోడల మీద మాత్రం నాకు సరిగా కనపడలేదు.

నేను కదిరి వైపు నుంచి వచ్చి బెంగళూరులో వకీళ్ల దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. నృపతుంగ రోడ్డు మేజిస్ట్రేటు కోర్టుల వరండాల్లోనే నా జీవితం చాలావరకు గడిచింది. ఇప్పుడు హలసూరులో ఉంటున్నాను. రిటైరైనా ఇంటికొచ్చేవాళ్లు తగ్గలేదు. అనంతపురం, సత్యసాయి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల నుంచి ఇక్కడికి సెంట్రింగ్ పనికి, పెయింటింగుకు, సెక్యూరిటీ గార్డులుగా, డ్రైవర్లుగా వచ్చినవాళ్ల బంధువులు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, మావోణ్ణి పోలీసులు తీసకపోయినారంట. యాడున్నాడో కనుక్కో." తప్పు చేశాడా లేదా అని కాదు, బెయిలు గురించి కూడా కాదు. ముందు మనిషి ఎక్కడున్నాడో తెలియాలి.

మొన్నామధ్య మా వీధిలో రిటైర్డ్ టీచరమ్మ ఒకరికి మధ్యాహ్నం పూట ఫోన్ వచ్చింది. డ్రగ్స్ కేసులో మీ అబ్బాయి దొరికాడు, ఎఫ్ఐఆర్ రాయకముందే డబ్బు పంపితే పేరు తీసేస్తాం అన్నారు. వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించారు కూడా. కొడుక్కి చేస్తే ఎత్తలేదు. ఆఫీసులో మీటింగులో ఉన్నాడట. ఆమె టెన్షన్‌తో ముప్ఫై వేలు పంపేశారు. చదువుకున్నదానివి ఆమాత్రం తెలియదా అని ఇంటిల్లిపాదీ తిట్టారు. సరే, ఆమె ఆ పది నిమిషాల్లో ఎవరిని అడిగి ఉండాల్సింది అని నేను అడిగితే తిట్టినవాళ్లెవరూ నోరెత్తలేదు. కొడుకు ఆఫీసు ఒక స్టేషను పరిధిలో, అతని గది ఇంకో స్టేషను పరిధిలో. మారతహళ్లి, హెచ్ఏఎల్, వర్తూరు, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, మహదేవపుర, అన్నీ దగ్గర దగ్గరే, అన్నీ వేరు వేరు స్టేషన్లు. ఎక్కడ ఏ హద్దు మొదలవుతుందో ఆటోవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చెబుతాను. 2024 జులై 1 నుంచి, అరెస్టులూ కేసులూ ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టం పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కదా. అందులో 37వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలోనూ, ప్రతి పోలీసు స్టేషనులోనూ ఏఎస్ఐ (అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టర్) హోదాకు తగ్గని ఒక అధికారిని ప్రత్యేకంగా నియమించాలి. అరెస్టయినవాళ్ల పేర్లు, చిరునామాలు, ఏ నేరం మోపారు అన్న వివరాలు ఆయన దగ్గర ఉండాలి. ఆ వివరాలు ప్రతి స్టేషనులో, జిల్లా హెడ్‌క్వార్టర్సులో అందరికీ కనపడేలా పెట్టాలి. డిజిటల్‌గా కూడా పెట్టొచ్చని అదే సెక్షనులో ఉంది. 48వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసిన పోలీసు, ఆ మనిషి చెప్పిన బంధువుకో స్నేహితుడికో వెంటనే కబురు చెయ్యాలి. ఎక్కడ ఉంచారో కూడా చెప్పాలి. ఎవరికి చెప్పారో స్టేషను పుస్తకంలో రాయాలి. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు, ఇదంతా జరిగిందా లేదా అని చూడాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుది.

మన వలస కూలీలకు పనికొచ్చే మాట ఇంకొకటి 82వ సెక్షనులో ఉంది. వారంటు మీద ఒక జిల్లా మనిషిని వేరే జిల్లాలో పట్టుకుంటే, అతను మామూలుగా ఉండే జిల్లాలోని ఆ ప్రత్యేక అధికారికి కూడా వెంటనే చెప్పాలి. అంటే సత్యసాయి జిల్లావాళ్లు జిల్లా కేంద్రం పుట్టపర్తిలో పోలీసు ఆఫీసుకు వెళ్లి, బెంగళూరులో మావాణ్ణి వారంటు మీద పట్టుకున్నారా అని అడిగే హక్కు మనకుంది. ఈ సంగతి తెలిసి అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఇవేవీ కొత్తగా పుట్టుకొచ్చినవి కావు. 1996 డిసెంబరులో, పోలీసు కస్టడీలో హింస, మరణాల మీద నడిచిన డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు నిబంధనలు పెట్టింది. అరెస్టయిన 12 గంటల్లోపు కంట్రోల్ రూముకు సమాచారం వెళ్లాలి, అక్కడ నోటీసు బోర్డు మీద పెట్టాలి అన్నది వాటిలో చివరిది. బంధువులు వేరే ఊళ్లో ఉంటే 8 నుంచి 12 గంటల్లోపు, జిల్లా లీగల్ ఎయిడ్ సంస్థ ద్వారా, ఆ ఊరి పోలీసు స్టేషను ద్వారా టెలిగ్రాం ఇవ్వాలని కూడా ఉంది. టెలిగ్రామే 2013 జులైలో పోయింది. దాని స్థానంలో ఫోన్ వచ్చి, వాట్సాప్ వచ్చి, ఇప్పుడు ప్రతి స్టేషనులో కంప్యూటర్లు కూడా వచ్చాయి. కబురు మాత్రం ఇప్పటికీ ఆలస్యంగానే వస్తోంది, అదీ టీ అంగడి దగ్గర నిలబడి ఉండే బ్రోకరు నోటి నుంచి.

ఆ బ్రోకరు గురించి కాస్త చెప్పాలి. మా ఊరి వైపు నుంచి ఒకామె వచ్చింది. కొడుకు అపార్ట్‌మెంట్ల సైటులో సెంట్రింగ్ పని. రాత్రి లేబర్ షెడ్డులో గొడవ జరిగింది, పోలీసులొచ్చి కొంతమందిని జీపెక్కించారు. ఏ స్టేషను జీపో మేస్త్రీ చూసుకోలేదు. చూసినా చెప్పలేదో, నాకు తెలియదు. ఆమె రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగింది. కన్నడం రాదు. సైటుకు దగ్గర్లోని స్టేషనుకు పోతే ఇక్కడ లేడన్నారు, పక్క స్టేషనుకు పొమ్మన్నారు. అక్కడా అదే మాట. బయట ఒకాయన తెలుగులో పలకరించి, నాకు లోపల తెలిసినవాళ్లున్నారు, కనుక్కుని చెప్తా, ఐదు వేలివ్వు అన్నాడు. చెవి కమ్మలు కుదువ పెట్టి ఇచ్చింది. ఆయన సాయంత్రానికి వచ్చి, వాడు రిమాండుకు పోయాడు, జైల్లో ఉన్నాడు అని చెప్పాడు. నిజమే చెప్పాడు! ఉచితంగా బోర్డు మీద ఉండాల్సిన ఒక్క లైనును ఐదు వేలకు అమ్మాడు, అంతే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆమె వెతుకుతున్న పేరు నాగరాజు. స్టేషనులో రాసుకున్నది నాగరాజ. తండ్రి పేరు వెంకటేశులు అయితే వెంకటేశ్ అని రాశారు. ఊరు పేరు బదులు లేబర్ షెడ్డు చిరునామా వేశారు. మన ఇంటిపేర్లు ముందొస్తాయి, కన్నడంలో అలా రాయరు. కాబట్టి తల్లి చెప్పే పేరూ కాగితం మీది పేరూ కలవవు. లేడని చెప్పిన కానిస్టేబుల్ అబద్ధమే చెప్పి ఉండాలని లేదు. ఆయన పుస్తకంలో ఆ పేరు నిజంగానే లేకపోయి ఉండొచ్చు.

అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, ఫోన్లో చూసుకోవచ్చు కదా అని మా మనవడు అంటాడు. చూద్దాం. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. కానీ అందులో వెతకడానికి మామూలుగా జిల్లా, స్టేషను, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇవ్వాలి. స్టేషనూ నంబరూ తెలిసినవాడు వెతకడం ఎందుకు? పైగా గుర్తు తెలియని వ్యక్తుల మీద కేసంటే ఎఫ్ఐఆర్‌లో మనవాడి పేరే ఉండదు. తర్వాత కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ యాప్ ఉంది. అందులో పేరుతో వెతకొచ్చు, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. చాలా మంచి యాప్, మా గుమాస్తాల పని సగం తగ్గించింది. అయితే ఛార్జిషీటో బెయిల్ పిటిషనో పడి కోర్టులో నంబరు అయ్యేదాకా చాలా కేసులు అందులో కనపడవు. మొదటి రెండు మూడు రోజులే కదా కుటుంబానికి ప్రాణం విలవిల్లాడేది, ఆ రోజుల్లో అది మూగదే. జైలు శాఖవాళ్ల ఈ-ములాఖాత్ ఉంది, ఖైదీని చూడటానికి టైము బుక్ చేసుకోవడానికి. దానికి ఏ జైలో ముందే తెలియాలి.

కాబట్టి బోర్డు వచ్చేదాకా, నేను నా దగ్గరికొచ్చేవాళ్లకు చెప్పేది ఇక్కడ రాస్తాను. మీ పాఠకుల్లో ఎవరికైనా ఈ రాత్రే అవసరం పడొచ్చు.

మొదట అడగాల్సింది అరెస్టా, నోటీసా అని. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు చాలాసార్లు అరెస్టు అక్కర్లేదు, అదే సంహిత 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పిలుస్తారు. విచారణకని పిలిచి రాత్రంతా కూర్చోబెట్టడం వేరే సంగతి, దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. అరెస్టయితే మెమో, అంటే అరెస్టు వివరాల కాగితం, రాసి తీరాలి. దాని మీద ఇంటివాళ్ల సంతకమో, ఆ ప్రాంతంలో గౌరవనీయుడైన ఒకరి సంతకమో ఉండాలి. (నేను చూసిన మెమోల్లో ఆ గౌరవనీయుడు చాలాసార్లు స్టేషను ఎదురుగా జెరాక్స్ అంగడి ఆయనే.) అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణం పట్టే సమయం తీసేసి, మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఆదివారమైనా పండగైనా ఇది ఆగదు, మేజిస్ట్రేటు ఇంటికైనా తీసుకుపోతారు. అందుకని ఒక రోజు దాటితే స్టేషన్ల చుట్టూ తిరగడం కన్నా కోర్టుకు రావడం మేలు. ప్రతి స్టేషనుకూ కోర్టు పనులు చూసే కానిస్టేబుల్ ఒకరుంటారు. రిమాండు కాగితాలు ఆయన చేతుల మీదుగానే పోతాయి. మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు, మా అనుభవం అది. పేరు కలవకపోతే వయసు, ఊరు, ఏ సైటులో పట్టుకున్నారు, ఎవరితో కలిపి పట్టుకున్నారు అని చెప్పండి.

వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి. అది ఉచిత న్యాయసహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరు. బెంగళూరులో వాళ్ల రాష్ట్ర ఆఫీసు సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల అనే భవనంలో ఉంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. ఉచితం అంటే మనవాళ్లకు చులకన. అది అనవసరం, అక్కడ మంచి వకీళ్లు కూడా ఉన్నారు. సమాచార హక్కు చట్టం కూడా గుర్తుపెట్టుకోండి. అడిగినదానికి జవాబివ్వడానికి మామూలుగా 30 రోజులు, కానీ మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. ఏ దారీ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని వేసే పిటిషన్, ఉండనే ఉంది. దాని పేరెత్తగానే కొన్ని స్టేషన్లలో మనిషి దొరుకుతాడు.

భాష సంగతి కూడా. అరెస్టుకు కారణాలేమిటో ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిమాండుకు ముందు కనీసం రెండు గంటల ముందైనా ఆ కాగితం చేతికి రావాలంది. కదిరి కుర్రాడికి కన్నడ కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడం ఇక చెల్లదు. బెంగళూరులో తెలుగు చదివి రాయగలిగిన మనుషులకేమీ కొరత లేదు.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఉంటాడు. ఈ మాటలన్నీ చెబితే నవ్వి, ఫోన్లో వాళ్ల కౌంటీ జైలు పేజీ చూపించాడు. అక్కడ షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసువాళ్లు జైల్లో ఉన్నవాళ్ల జాబితా పెడతారు. పేరు కొడితే ఎప్పుడు లోపలికి తెచ్చారు, ఏం అభియోగం, బెయిలు మొత్తం ఎంత, అన్నీ వస్తాయి. ఫొటో కూడా వస్తుంది. మొదట చూసినప్పుడు ముచ్చటేసింది, దాచడం ఎందుకు అనిపించింది. తర్వాత వాడే చెప్పాడు, ప్రైవేటు సైట్లవాళ్లు ఆ ఫొటోలన్నీ కాపీ చేసుకుని, తీసెయ్యాలంటే డబ్బు కట్టమని బెదిరించే వ్యాపారం పెట్టారట. కేసు కొట్టేసినా ఫొటో ఉంటుంది, ఉద్యోగానికి పోతే అదే కనపడుతుంది. కాలిఫోర్నియా, జార్జియా లాంటి రాష్ట్రాలు ఆ వసూళ్లను ఆపడానికి చట్టాలే చేయాల్సి వచ్చింది. నాకు ఆ పద్ధతి వద్దు. మన ఊళ్లో ఒకడి ఫొటో వాట్సాప్ గ్రూపులో పడితే వాడి చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. కోర్టు తర్వాత నిర్దోషి అన్నా ఆ పెళ్లివాళ్లు తిరిగి రారు.

ఈ విషయంలో మీ పత్రికలకూ ఒక మాట అనక తప్పదు. అరెస్టయిన రోజు ముసుగులేసి నిలబెట్టిన ఫొటో జిల్లా పేజీలో వేస్తారు. కేసు కొట్టేసిన రోజు రెండు లైన్లయినా వేయరు. కుటుంబానికి అందాల్సిన కబురు అందదు, ఊరికి అక్కర్లేని ఫొటో అందుతుంది.

కాబట్టి నేను అడిగేది జాబితా, ఫొటోల ప్రదర్శన కాదు. స్టేషను లోపల సీఐ టేబులు వెనక కాకుండా, గేటు దగ్గర ఒక బోర్డు పెట్టాలి. పేరు, తండ్రి పేరు, వయసు, సొంతూరు, సెక్షన్లు, ఏ కోర్టుకు పంపారు లేదా ఏ జైలు, ఆ ప్రత్యేక అధికారి ఫోన్ నంబరు. ఇంతే. కన్నడంతో పాటు ఇంగ్లీషులో రాస్తే మనవాళ్లలో కుర్రాళ్లయినా చదువుతారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల పేర్లు ఎక్కడా కనపడకూడదు, అది జువెనైల్ చట్టమే చెబుతోంది. ఫోన్లో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. ఊరికే తిరగేసి చూసుకునే జాబితా పెట్టొద్దు. వెతికేవాళ్లు మనిషి పేరు, సుమారు వయసు, ఊరు ఇచ్చి, తమ నంబరుకు వచ్చే ఓటీపీ కొడితే, ఉన్నాడు, ఫలానా చోట ఉన్నాడు, లేదా మా రికార్డులో లేడు అని ఒక్క జవాబు వస్తే చాలు. నాగరాజు అని కొడితే నాగరాజ కూడా చూపించాలి. రైలు టికెట్ల యాప్ ఊరు పేరు తప్పు కొట్టినా సరైనది చూపిస్తుంది కదా, ఇదేమంత కష్టం? మనిషి విడుదలైన కొన్నాళ్లకు ఆ లైను తీసెయ్యాలి.

ఇంత మాత్రం ఉంటే మా టీచరమ్మ ముప్ఫై వేలు పంపే ముందు కొడుకు పేరు కొట్టి చూసేవారు. లేడని వచ్చేది. ఫోన్ పెట్టేసేవారు. దొంగ ఫోన్లకు జనం ఎందుకు పడిపోతున్నారని సెమినార్లు పెట్టేవాళ్లు ఈ వైపు కూడా ఒకసారి ఆలోచిస్తే బాగుంటుంది. అసలు పోలీసు దగ్గర జవాబు దొరకదని మనకు ముందే నమ్మకం కుదిరింది కాబట్టే దొంగ పోలీసు జవాబు నిజమనిపిస్తోంది.

పోలీసులకు పని ఎక్కువ, మనుషులు తక్కువ అని నాకూ తెలుసు. స్టేషను రైటర్లు రాత్రి పదింటికి కూడా కూర్చుని టైపు చేస్తుంటే చూసినవాణ్ణే. కానీ ఈ వివరాలు వాళ్లు ఎలాగూ రాస్తున్నారు. కేసు డైరీలో, అరెస్టు మెమోలో, రిమాండు అప్లికేషనులో, కంప్యూటరులో అదే పేరు మళ్లీ మళ్లీ రాస్తున్నారు. ఇంకోసారి గేటు దగ్గర రాస్తే, లోపలికొచ్చి అడిగేవాళ్లు తగ్గి వాళ్లకే పని తగ్గుతుంది. తగ్గేది బ్రోకరు సంపాదన మాత్రమే.

చివరగా మీకో విన్నపం. ఈ ఉత్తరాన్ని బెంగళూరు పేజీలో వేసి ఊరుకోకండి. హిందూపురం, కదిరి, మదనపల్లె, పలమనేరు వైపు పోయే పేజీల్లో కూడా వేయండి. రాత్రి బస్సెక్కేవాళ్లు అక్కడే ఉన్నారు. 15100 నంబరును కాస్త పెద్ద అక్షరాల్లో వేయగలిగితే సంతోషం. నా పేరు ప్రచురించవద్దు. కోర్టులో నాకింకా తెలిసినవాళ్లున్నారు, స్టేషన్లలోనూ ఉన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వకీలు గుమాస్తా,
హలసూరు, బెంగళూరు.